చప్పట్లు ఉచితం!

2023 సెప్టెంబర్ 7, రాత్రి. లండన్ హామర్‌స్మిత్‌లోని అపోలో థియేటర్. మెర్క్యురీ ప్రైజ్ విజేతను ప్రకటించారు. ఎజ్రా కలెక్టివ్! ఐదుగురు కుర్రాళ్ల జాజ్ బృందం. ఆల్బమ్ ‘వేర్ ఐయామ్ మెంట్ టు బీ’. ఐదుగురూ ఎగిరి గంతేశారు. తెల్లారేసరికి పత్రికల నిండా ఒకటే మాట. చరిత్ర, చరిత్ర, చరిత్ర!

ఏమిటయ్యా ఆ చరిత్ర? 1992లో పెట్టిన బహుమతి ఇది. బ్రిటన్, ఐర్లాండ్‌లలో ఆ ఏడాది వచ్చిన ఉత్తమ ఆల్బమ్‌కి ఇస్తారు. ఏ జాతి సంగీతమైనా సరే, అన్నీ సమానమేనని మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నారు. ఆ సమానత్వం జాజ్ గుమ్మం దాకా నడిచి రావడానికి 31 ఏళ్లు పట్టింది. సమానత్వానికి బహుశా మోకాళ్ల నొప్పులేమో! ముప్పై ఒక్క ఏళ్లు ఒక సంగీతాన్ని గుమ్మం దగ్గరే నిలబెట్టినందుకు సిగ్గుపడాలా, చప్పట్లు కొట్టాలా? వాళ్లు చప్పట్లే ఎంచుకున్నారు. చవక కదా మరి.

ముందు ఆ బహుమతి పేరు సంగతి చూడండి. మెర్క్యురీ అంటే ఏ సంగీత దేవతో అనుకునేరు. అదొక టెలిఫోన్ కంపెనీ. మొదట్లో డబ్బులిచ్చింది, పేరు తగిలించుకుంది, తొంభైల్లోనే చాప చుట్టేసింది. పేరు మాత్రం మిగిలింది. ఆ తర్వాత క్రెడిట్ కార్డు వాళ్లొచ్చారు. కార్ల కంపెనీ వచ్చింది. 2023 నాటికి ట్యాక్సీ యాప్ దిగింది. కళకు పోషకులు కావాలిగా! గెలిచిన వాళ్లకు 25 వేల పౌన్లు. ఐదుగురు పంచుకుంటే తలా ఐదు వేలు. లండన్‌లో కొద్ది నెలల అద్దె. చరిత్ర ఖరీదు అదీ!

తుది జాబితాలో పన్నెండు ఆల్బమ్‌లుంటాయి. అంటే పన్నెండు కుర్చీలు. చాలా ఏళ్లు వాటిలో ఒకటి జాజ్‌కు కేటాయించి పెట్టారు. దాన్ని అక్కడి వాళ్లే ‘టోకెన్ జాజ్’ అని వెక్కిరించుకునేవారు. మొహమాటం కుర్చీ అన్నమాట. 1996లో కోర్ట్నీ పైన్‌ని కూర్చోబెట్టారు. 1999లో డెనిస్ బాప్టిస్ట్. 2003లో సొవెటో కించ్. 2005లో పోలార్ బేర్. 2006లో జోయీ రహ్మాన్. తర్వాత పోర్టికో క్వార్టెట్, లెడ్ బిబ్, కిట్ డౌన్స్, గ్విలిమ్ సిమ్‌కాక్, రోలర్ ట్రియో, గోగో పెంగ్విన్. 2018లో సన్స్ ఆఫ్ కెమెట్. 2019లో సీడ్ ఆన్సాంబుల్. 2020లో మోజెస్ బాయిడ్. 2021లో నుబయా గార్సియా. 2022లో ఫెర్గస్ మెక్‌క్రీడీ. పిలిచారు. కూర్చోబెట్టారు. ఫొటో తీశారు. పంపేశారు. మళ్లీ ఏడాది మళ్లీ అదే తంతు. కుర్చీ అదే, కూర్చునే మనిషే మారాడు. ఇంతమందిలో ఒక్కరి సంగీతం కూడా ఆ 25 వేలకు తూగలేదా? తూగితే ఎందుకివ్వలేదు? తూగకపోతే ఏటా ఎందుకు పిలిచారు? అడక్కండి. పెద్దమనుషులు నొచ్చుకుంటారు.

సరే, 2023లో ఇచ్చారు. బాగుంది. ఆల్బమ్ కూడా బాగుంది, ఆ మాట ముందే చెప్పేస్తాను. 2022 నవంబర్‌లో వచ్చింది. పద్నాలుగు ట్రాకులు. ఫేలా కూటీ నైజీరియాలో ఊదిన ఆఫ్రోబీట్ గాలి ఇందులో నిండా వీస్తుంది. సల్సా ఉంది. రెగ్గే ఉంది. జాంబియాలో పుట్టిన సాంపా ద గ్రేట్ ర్యాప్ ఉంది. సన్ రా పాత పాటను నావో గొంతులో కొత్తగా వినిపించారు. చార్లీ చాప్లిన్ బాణీ ‘స్మైల్’ కూడా ఉంది. ఫెమీ కొలెయోసో డ్రమ్స్ ముందు కూర్చుంటే పక్కవాడి భుజం ఊగాల్సిందే. ఫేలా దగ్గర డ్రమ్స్ వాయించిన టోనీ అలెన్ దగ్గర నేర్చుకున్న చేయి అది. తమ్ముడు టీజే బేస్ గిటార్. ఇఫే ఒగుంజోబీ ట్రంపెట్, జేమ్స్ మోలిసన్ శాక్సోఫోన్, జో ఆర్మన్-జోన్స్ కీబోర్డు. కాకపోతే గంట దాటిన ఆల్బమ్‌లో ఓ పది నిమిషాలు కత్తిరించొచ్చు. మధ్యలో వచ్చే మాటల ముక్కలు నాకైతే పానకంలో పుడకలే.

అసలు ముచ్చట బహుమతి అందుకున్నాక మొదలైంది. ఫెమీ మైకు పట్టుకున్నాడు. దేవుడికి దండం పెట్టాడు. ఆ తర్వాత వాడన్న మాటల సారాంశం ఇదీ: మేం ఒక యూత్ క్లబ్బులో కలిశాం, ఈ గెలుపు పిల్లల కోసం టైమూ శ్రమా పెట్టిన మంచివాళ్లది. హాలంతా చప్పట్లు. విన్నారు కదా? యూత్ క్లబ్బు. అంటే సాయంత్రం పూట పేట పిల్లలు వచ్చి ఆడుకోవడానికి, వాయించుకోవడానికి, కనీసం వెచ్చగా కూర్చోవడానికి మున్సిపాలిటీ డబ్బుతో నడిచే ఓ గది.

మరి ఆ గదుల సంగతేమిటి? 2010లో పొదుపు అనే మంత్రం పట్టుకుని ఒక ప్రభుత్వం గద్దెనెక్కింది. లండన్ పెద్దలు స్థానిక సంస్థలకిచ్చే డబ్బుకు కోత పెట్టారు. స్థానిక సంస్థలు యూత్ క్లబ్బులకు కోత పెట్టాయి. ఇంగ్లండ్‌లో యువజన సేవలపై స్థానిక సంస్థల ఖర్చు పదేళ్లు దాటేసరికి దాదాపు 70 శాతం పడిపోయిందని వైఎంసీఏ లెక్క. 2010 నుంచి 2019 లోపు లండన్‌లోనే దాదాపు 30 శాతం యూత్ క్లబ్బులు మూతపడ్డాయని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ తేల్చింది. క్లబ్బు మూతపడిన చోట పిల్లల పరీక్ష మార్కులు తగ్గాయి. నేరాల్లో ఇరుక్కోవడం 14 శాతం పెరిగింది. ఇక అసలు లెక్క వినండి. క్లబ్బు మూసి ఒక పౌను మిగిలిస్తే, సమాజానికి జరిగిన నష్టం దాదాపు మూడు పౌన్లు. ఇదండీ పొదుపు! ఈ తెలివితో కిరాణా కొట్టు పెడితే పండక్కి ముందే దివాలా.

చప్పట్లు కొట్టినవాళ్లలో ఎంతమంది ఇంటికెళ్లి తమ పేట క్లబ్బు తెరిచి ఉందో లేదో చూసుకున్నారు? పోనీ పత్రికలు? ‘యూత్ క్లబ్బు నుంచి మెర్క్యురీ దాకా’ అని రాయడం సులువే, అదొక తియ్యటి కథ. ‘మెర్క్యురీ దాకా సరే, అలాంటి క్లబ్బులకు తాళం ఎవరేశారు?’ అని రాస్తే తీపి పోతుంది. పేర్లు రాయాలి. పార్టీ పేరు రాయాలి. ఎందుకొచ్చిన గొడవ!

ఈ బృందం కలిసిన చోటు ఇంకా పెద్ద కథ. దాని పేరు టుమారోస్ వారియర్స్. గ్యారీ క్రాస్బీ అనే బేస్ వాయిద్యకారుడు, జానిన్ ఐరన్స్ కలిసి 1991లో మొదలుపెట్టారు. మెర్క్యురీ ప్రైజ్ కంటే ఏడాది పెద్దది. డబ్బున్న ఇళ్ల పిల్లలకు సంగీతం మాస్టారు ఇంటికొస్తాడు. లేని ఇళ్ల పిల్లల కోసం వీళ్లు తలుపు తెరిచారు. నల్లజాతి పిల్లల కోసం, ఆడపిల్లల కోసం మరీ ముఖ్యంగా. ఫీజు లేదు. ఇప్పుడు ఇందాకటి కుర్చీ జాబితా మళ్లీ చదవండి. డెనిస్ బాప్టిస్ట్, సొవెటో కించ్, మోజెస్ బాయిడ్, నుబయా గార్సియా, సన్స్ ఆఫ్ కెమెట్‌లోని షబాకా హచింగ్స్, సీడ్ ఆన్సాంబుల్ నడిపిన క్యాసీ కినోషీ. అందరూ ఆ గడప దాటి వచ్చినవాళ్లే! ఒక దేశపు జాజ్ పరువంతా మోస్తున్న గడప. ఆ గడపకు ఆ దేశం చేసిందేమిటి? వాళ్లు జనం దగ్గర చందాలు పోగుచేసుకోవాల్సి వచ్చింది. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. పెంచింది వాళ్లు, మురిసిపోయేది వీళ్లు.

కళలంటే అక్కడి ప్రభుత్వానికి ఎంత ప్రేమో తెలియాలంటే ఫాతిమాను గుర్తు తెచ్చుకోవాలి. 2020 అక్టోబర్. కరోనాతో థియేటర్లన్నీ మూతపడ్డాయి. కళాకారులకు పనుల్లేవు. సరిగ్గా అప్పుడే ప్రభుత్వ మద్దతున్న సైబర్ శిక్షణ ప్రకటనొకటి జనం కళ్లబడింది. బూట్ల లేసు కట్టుకుంటున్న బ్యాలే డ్యాన్సర్ ఫొటో. ఫాతిమా తర్వాతి ఉద్యోగం సైబర్ రంగంలో ఉండొచ్చట. ఆ సంగతి పాపం ఆమెకే ఇంకా తెలియదట! జనం దుమ్మెత్తిపోశారు. ప్రకటన పాతదే, ఆ మాటలు మావి కావు అంటూ సాంస్కృతిక మంత్రిగారే దాన్ని మోటు ప్రకటన అని తిట్టి చేతులు దులుపుకున్నారు. సరే, ప్రకటన తీసేశారు. బుద్ధి? మరుసటి ఏడాదే, 2021లో, ఇంగ్లండ్ యూనివర్సిటీల్లో సంగీతం, నాట్యం, నాటకం లాంటి కోర్సులకిచ్చే ప్రత్యేక సబ్సిడీని సగానికి కోసేశారు. ఇవి జాతీయ ప్రాధాన్యం లేని కోర్సులట. ప్రాధాన్యం ఎప్పుడొస్తుంది? కప్పు గెలిచినప్పుడు. ఆ రాత్రికి మాత్రమే.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఇక్కడ డబ్బులివ్వరు. పోనీ యూరప్ వెళ్లి వాయించుకుని నాలుగు రాళ్లు తెచ్చుకుందామా? దానికి బ్రెగ్జిట్ అడ్డు. 2021 నుంచి ప్రతి 180 రోజుల్లో 90 రోజులు మించి అక్కడ ఉండకూడదు. ఒక్కో దేశానికి ఒక్కో పర్మిట్ గోల. వాయిద్యాలకు కాగితాలు. వ్యాన్ ఎన్ని ఊళ్లలో ఆగాలో కూడా రూలే. పెద్ద రాక్ స్టార్లకు లాయర్లుంటారు, నెగ్గుకొస్తారు. వారాంతంలో పారిస్‌లోనో బెర్లిన్‌లోనో చిన్న క్లబ్బులో వాయించి అద్దె కట్టుకునే జాజ్ కుర్రాడికి ఎవరున్నారు? స్వాతంత్ర్యం తెచ్చిపెట్టామని చెప్పారు. ఎవరికి? కస్టమ్స్ గుమాస్తాలకా?

పోలీసుల ముచ్చటొకటి మిగిలింది. లండన్ మెట్రోపాలిటన్ పోలీసుల దగ్గర ఫారం 696 అని ఒకటుండేది. 2005లో పుట్టింది. మీ క్లబ్బులో కార్యక్రమం పెడుతున్నారా? ఏ రకం సంగీతమో రాయండి. పాడేవాళ్ల పేర్లు, అడ్రసులు రాయండి. మొదట్లో ఇంకో గడి కూడా ఉండేది: వచ్చే జనం ఏ జాతివాళ్లు? ఔను, నిజంగానే అడిగారు! ఆ గడి తర్వాత తీసేశారు గానీ ఫారం మాత్రం 2017 దాకా బతికే ఉంది. గ్రైమ్, గ్యారేజ్, బాష్‌మెంట్ అనగానే పోలీసుకు చెమటలు పట్టే రోజులవి. ఇప్పటి లండన్ జాజ్ చెవులు తెరిచింది ఆ సంగీతాల మధ్యే. నిన్న ‘ఈ చప్పుడు ప్రమాదకరం’. ఇవాళ ‘ఈ చప్పుడు మా బహుళ సంస్కృతికి గర్వకారణం’. మధ్యలో ఏం మారింది? చప్పుడు మారలేదు. టికెట్ ధర మారింది.

ఇంకోటి. 2018 ఫిబ్రవరిలో ‘వియ్ అవుట్ హియర్’ అనే సంకలనం వచ్చింది. కొత్త లండన్ జాజ్‌ను ప్రపంచానికి పరిచయం చేసిన రికార్డు. అట్లాంటిక్ అటూ ఇటూ పత్రికలన్నీ పూనకం తెచ్చుకుని రాశాయి. అదే ఏడాది హాక్నీలో టోటల్ రిఫ్రెష్‌మెంట్ సెంటర్ అనే చోట, ఈ జాజ్ రాత్రి రాత్రికీ పెరిగిన చోట, ప్రజా కార్యక్రమాలు ఆగిపోయాయి. కౌన్సిల్ వారి లైసెన్సు చిక్కులు. లోకం తలుపు తడుతున్న ఏడాదే గొళ్లెం పెట్టారు. ముహూర్తం చూసి మరీ!

ఎజ్రా కలెక్టివ్ గెలిచిన 2023లో బ్రిటన్ మొత్తమ్మీద 125 చిన్న సంగీత వేదికలు ప్రత్యక్ష కచేరీలు మానేశాయని మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ లెక్క కట్టింది. మిగిలినవాటి సగటు లాభం అర శాతం. వంద పౌన్ల వ్యాపారం చేస్తే అర్ధ పౌను. దాంతో టీ కూడా రాదు. అక్కడే కదా రేపటి బృందాలు తప్పులు వాయించి నేర్చుకోవాలి? తప్పు వాయించడానికి చోటు లేకపోతే ఒప్పు ఎక్కడ పుడుతుంది? నేరుగా వెంబ్లీ అరీనాలో పుడుతుందా?

ఇక విమర్శక మహాశయులు. వీళ్ల దగ్గర రెండే శీర్షికలు. జాజ్ చచ్చిపోయింది. జాజ్ బతికింది. కొన్నేళ్లకోసారి తిరగేసి వేస్తారు. 2015లో కమాసీ వాషింగ్టన్ మూడు డిస్కుల ‘ది ఎపిక్’ తెచ్చినప్పుడూ జాజ్ బతికింది. 2018లో లండన్‌లో మళ్లీ బతికింది. 2023లో మరోసారి. మధ్యలో ఎప్పుడు చచ్చింది సార్? డెత్ సర్టిఫికెట్ ఎవరిచ్చారు? మీరు వినడం మానేశారు, అంతే. నిద్రపోయింది మీరు, శవమని రాసింది దాని గురించి.

ఇంకో జాతి ఉంది. శుద్ధ జాజ్ మడి కట్టుకున్నవాళ్లు. ‘ఇది జాజేనా? జనం గంతులేస్తున్నారే!’ అని వీళ్ల బెంగ. వీళ్ల లెక్కలో జాజ్ అంటే మసక దీపాల కింద గడ్డం నిమురుకుంటూ వినేది. మరి 1926లో న్యూయార్క్ హార్లెమ్‌లో సవాయ్ బాల్‌రూమ్ తెరిచింది దేనికి? చిక్ వెబ్ అక్కడ డ్రమ్స్ బాదుతుంటే జనం ధ్యానం చేశారా? నేల అరిగిపోయేలా ఆడారు. జాజ్ పుట్టిందే కాళ్లలో. కుర్చీలో కూర్చోబెట్టి ఉపన్యాసం తగిలించింది ఆ తర్వాతి పండితులు. ఎజ్రా కలెక్టివ్ దాన్ని మళ్లీ లేపి నిలబెట్టింది. మడి మైలపడిందా? స్నానం చేయండి.

నవ్వుతున్నారా? మీ వంతూ ఉంది. హైదరాబాద్ కాఫీ షాపులో ల్యాప్‌టాప్ తెరిచి ‘పనిలోకి జాజ్’ అని ఓ ప్లేలిస్ట్ పెట్టుకునే మీరే. ఎవరు వాయిస్తున్నారో ఎప్పుడైనా చూశారా? స్ట్రీమింగ్ ప్లేలిస్టుల్లో ఊరూ పేరూ లేని దొంగ కళాకారుల సంగతిని లిజ్ పెల్లీ అనే అమెరికన్ జర్నలిస్టు 2025లో వచ్చిన ‘మూడ్ మెషీన్’ పుస్తకంలో వివరంగా రాసింది. తక్కువ రాయల్టీకి టోకున చేయించే సంగీతం, దాని మీద కల్పించిన పేర్లు. అందులో జాజ్‌కు పెద్దపీట! ఎందుకంటే మీరెలాగూ వినరు కదా. నేపథ్యంలో ఏదో మోగాలి, మెయిల్ టైప్ అవ్వాలి. మెర్క్యురీ వాళ్లు జాజ్‌కు ఒక్క కుర్చీ వేశారు. మీరు అదీ వేయలేదు, గోడకు రంగు కొట్టించారు.

ఆ కుర్రాళ్లు మాత్రం ఆగలేదు. 2024 నవంబర్‌లో వెంబ్లీ అరీనాలో ముఖ్య బృందంగా వాయించారు. బ్రిటన్ జాజ్ బృందాల్లో అదీ మొదటిసారే. 2025 మార్చిలో బ్రిట్ అవార్డుల్లో కోల్డ్‌ప్లేనూ ది క్యూర్‌నూ దాటి ఉత్తమ బృందం అనిపించుకున్నారు. ఫెమీ మళ్లీ మైకు పట్టుకున్నాడు. మళ్లీ యూత్ క్లబ్బులు, మళ్లీ మంచి మాస్టార్లు, మళ్లీ బళ్లలో సంగీతం. రెండేళ్లు తిరగకముందే అదే విన్నపం, ఇంకా పెద్ద వేదిక మీద. ఈలోగా గద్దె మీద పార్టీ కూడా మారింది. చప్పట్లు? అవీ పడ్డాయి, ఇంకా గట్టిగా. ఒక మనిషి ఒకే మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చిందంటే వాడికి మాటలు కరువయ్యాయనా, వినేవాళ్లకు చెవులు కరువయ్యాయనా?

మెర్క్యురీ వారి మొహమాటం కుర్చీ ఏమైందంటారా? భద్రంగా ఉంది. 2024లో గ్లాస్గో నుంచి కోర్టో ఆల్టోను పిలిచి కూర్చోబెట్టారు. 2025లో పియానో వాయించే జో వెబ్‌ను. ఒక్కొక్కరే, పద్ధతి ప్రకారం. ఇద్దరూ ఉత్త చేతులతోనే వెళ్లారు. ఇంకో 31 ఏళ్లు ఆగమంటారు కాబోలు.

అన్నట్టు 2024లో బహుమతి పెద్దలకే ఓ ముచ్చట జరిగింది. ట్యాక్సీ యాప్ దిగి వెళ్లిపోయింది. కొత్త స్పాన్సర్ దొరకలేదు. హామర్‌స్మిత్ హాలు లేదు, ప్రత్యక్ష కచేరీల హంగామా లేదు. అబీ రోడ్ స్టూడియోలో చిన్నగా ముగించేశారు. డబ్బుల్లేకుండా సంగీత కార్యక్రమం ఎలా నడపాలో తెలియక తల పట్టుకుని ఉంటారు, పాపం! మూతపడ్డ యూత్ క్లబ్బు మాస్టారు ఎవరినైనా పిలిచి అడగాల్సింది. ముందు బిస్కెట్లు మానేయాలి, తర్వాత హీటర్ ఆపేయాలి, ఆ తర్వాత వారానికి ఐదు రోజుల్ని రెండు చేయాలి అని వివరంగా చెప్పేవారు. ఫీజు కూడా అడిగేవారు కాదు. అలవాటైన పనే కదా!